వ్యవసాయ వ్యాపారం: భూమి పత్రం నుంచి అమ్మకపు లైసెన్సు దాకా

సొంత పొలంలో మామూలు పంటలు వేసుకోవడానికి భారతదేశంలో రైతు లైసెన్సు తీసుకోనక్కరలేదు. దున్నడం, విత్తడం, కోయడం, పండింది అమ్ముకోవడం అతని హక్కు. పంట గట్టు దాటి సరుకుగా మారుతున్న కొద్దీ ఒక్కో చట్టం వచ్చి చేరుతుంది. వడ్లు మర పట్టించి సంచులకు పేరు వేస్తే ఆహార భద్రత చట్టం, విత్తనాన్ని వ్యాపారంగా అమ్మితే విత్తన చట్టం, తీరంలో చేను తవ్వి రొయ్యల చెరువు చేస్తే తీర ఆక్వా చట్టం వర్తిస్తాయి. ఒక చట్టం రైతుగా చూసిన మనిషినే ఇంకో చట్టం వ్యాపారిగా చూస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వ్యవసాయ వ్యాపారం మొదలుపెట్టేవారికి ఎదురయ్యే చట్టపరమైన మెట్లను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది.

రాజ్యాంగంలో వ్యవసాయం, భూమి రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఆహార భద్రత, విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, ఎగుమతి, ఆదాయపు పన్ను విషయాల్లో కేంద్ర చట్టాలు నడుస్తాయి. 2014 జూన్ 2 వరకు రెండు తెలుగు ప్రాంతాలకూ రాష్ట్ర చట్టాలు చాలావరకు ఒక్కటే. ఆ తర్వాత, ముఖ్యంగా భూమి విషయంలో, దారులు వేరయ్యాయి. అందుకే గుంటూరులో చెల్లిన సలహా నల్గొండలో చెల్లకపోవచ్చు.

భూమి హక్కు

వ్యవసాయ వ్యాపారానికి అసలైన మొదటి అనుమతి పత్రం పట్టాదారు పాసు పుస్తకమే. బ్యాంకు రుణం, పంటల బీమా, రాయితీలు, ధాన్యం కొనుగోలు కేంద్రంలో పేరు నమోదు, చివరికి సేంద్రియ ధ్రువీకరణ కూడా దాని మీదే ఆధారపడతాయి. రెండు రాష్ట్రాల్లోనూ దీనికి మూలం 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో హక్కుల వివరాలు 1బి రికార్డులోనూ, సాగు వివరాలు అడంగల్‌లోనూ ఉంటాయి. తెలంగాణలో అడంగల్ స్థానంలో ఉండేది పహాణీ. తెలంగాణ 2020లో కొత్త హక్కుల చట్టం తెచ్చి, ఆ ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయానికి మారి, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అదే రోజు జరగడం మొదలైంది. వేగం పెరిగింది గానీ, తప్పుగా ఎక్కిన వివరాన్ని సరిదిద్దుకోవడానికి రెవెన్యూ వ్యవస్థలో అప్పీలు దారి లేక రైతులు సివిల్ కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. రికార్డులోంచి అనుభవదారు గడి పోవడం కౌలుదారులను, పట్టా లేకుండా సాగులో ఉన్నవారిని ఇంకా ఎక్కువగా దెబ్బతీసింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూ భారతి చట్టం అప్పీళ్లను తిరిగి తెచ్చింది. 2014 జూన్ 2కు ముందు సాదా బైనామాతో (రిజిస్టరు కాని తెల్లకాగితపు ఒప్పందంతో) కొని, 2020లో దరఖాస్తు పెట్టుకున్నవారి సమస్యకూ దారి చూపింది.

ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రయత్నం వేరు. హక్కుకు ప్రభుత్వమే హామీ ఇచ్చేలా రూపొందించిన భూ యాజమాన్య హక్కు చట్టం మీద తీవ్ర వ్యతిరేకత రావడంతో 2024లో దాన్ని రద్దు చేశారు. కాబట్టి రెండు రాష్ట్రాల్లోనూ నేటికీ ఒకటే సూత్రం: రికార్డులో పేరుండటం హక్కుకు బలమైన ఆధారమే గానీ తిరుగులేని రుజువు కాదు. కొనేవారు పాసు పుస్తకం చూసి ఆగకుండా లింకు దస్తావేజులు, ఈసీ (భారాల ధ్రువపత్రం), సర్వే పటం, క్షేత్రంలో హద్దులు, సాగులో ఉన్న మనిషి ఎవరన్న సంగతి విడివిడిగా చూసుకోవాలి. వీటిలో చివరిదాన్నే చాలామంది వదిలేస్తారు. గొడవలు ఎక్కువగా మొదలయ్యేదీ అక్కడే.

కొనకూడని భూములు

భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను ఆంధ్రలో డి.కె.టి. పట్టా, తెలంగాణలో లావణి పట్టా అంటారు. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం కింద వాటి అమ్మకం చెల్లదు, కొన్నవారి నుంచి ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 2023లో చేసిన సవరణతో అసైన్ అయి ఇరవై ఏళ్లు దాటిన వ్యవసాయ భూములను అసలు లబ్ధిదారులు అమ్ముకునే వీలు కలిగింది. తెలంగాణలో నిషేధం కొనసాగుతోంది. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉండే నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో బయానా ఇవ్వకముందే చూసుకోవాలి.

ఏజెన్సీ ప్రాంతాల నియమం ఇంకా గట్టిది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచిన ఆ సవరణ తర్వాత షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి అమ్మడం, కౌలుకివ్వడం రెండూ చెల్లవు. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు కాఫీ తోటో జీడితోటో పెట్టాలనుకునే బయటివారికి ఉన్న న్యాయమైన దారి గిరిజన రైతుల నుంచి పంట కొనడమే. ఈ నియమాన్ని అడ్డంకిగా చూపేవారు ఉన్నారు. మైదానం నుంచి వచ్చిన అప్పుల వ్యాపారుల చేతికి కొండ భూములు ఎలా పోయాయో తెలిసినవారికి దాని అవసరం వేరే చెప్పక్కరలేదు. అటవీ హక్కుల చట్టం (2006) కింద వచ్చిన పట్టాలు వారసత్వంగా వెళ్తాయి తప్ప అమ్మకానికి రావు.

భూమి కొనడానికి కొనేవారు రైతు కుటుంబంలో పుట్టి ఉండాలన్న షరతు తెలుగు రాష్ట్రాల్లో లేదు. మహారాష్ట్రలో అది ఉంది. పరిమితి మాత్రం ఉంది. 1975 జనవరి 1 నుంచి అమలైన భూ సంస్కరణల చట్టం (1973) ప్రకారం ఐదుగురి వరకు ఉన్న కుటుంబం నేల తరగతిని బట్టి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలకు మించి ఉంచుకోకూడదు. కంపెనీ కూడా ఈ చట్టం దృష్టిలో ఒక వ్యక్తే. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న ప్రవాసులకు ఇంకో హద్దు ఉంది: విదేశీ మారక నిబంధనల ప్రకారం ఎన్నారైలు, ఓసీఐ కార్డుదారులు వ్యవసాయ భూమి, తోట భూమి, ఫామ్‌హౌస్ కొనలేరు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. తమ్ముడి పేరునో మేనమామ పేరునో డబ్బు పంపి కొనడం చాలా ఊళ్లలో కనిపించేదే. చట్టం ముందు ఆ భూమి పేరున్నవారిదే అవుతుంది, బేనామీ చిక్కులూ రావచ్చు.

కౌలు సాగు

గోదావరి, కృష్ణా డెల్టాల్లో సాగు భారంలో పెద్ద పాలు కౌలుదారులదే. వ్యవసాయ వ్యాపారంలోకి కొత్తగా వచ్చేవారిలోనూ ఎక్కువమంది కౌలుతోనే మొదలుపెడతారు. చట్టం అందరికన్నా తక్కువగా ఆదుకున్నదీ వీరినే. ఆంధ్ర ప్రాంతానికి 1956 కౌలు చట్టం, తెలంగాణ ప్రాంతానికి 1950 కౌలుదారీ చట్టం కౌలుదారుకు గట్టి రక్షణలిచ్చాయి. తెలంగాణలో రక్షిత కౌలుదారులు యజమానులైన సందర్భాలున్నాయి. ఆ జ్ఞాపకంతోనే భూస్వాములు కాగితం మీద కౌలు రాయడానికి నేటికీ వెనుకాడతారు. ఒప్పందాలు నోటిమాటతోనో పదకొండు నెలల కాగితంతోనో సాగుతాయి. ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడం పదకొండు నెలల లెక్కకు ఒక కారణం.

2011 లైసెన్స్‌డ్ కల్టివేటర్స్ చట్టం యజమాని సంతకం లేకుండానే కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే పద్ధతి పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందం మీద సాగుదారు కార్డు ఇస్తోంది. భూమి మీద యజమాని హక్కుకు దీనివల్ల భంగం రాదని చట్టమే చెబుతోంది. అయితే కార్డుకు యజమాని సంతకం కావాలి, చాలామంది ఆ సంతకం పెట్టరు. తెలంగాణలో 2011 నాటి కార్డుల జారీ సన్నగిల్లింది. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారులకే వెళ్లింది. సాగు చేసేవారి పేరు ఏ పత్రంలోనూ లేకపోతే పంట పోయినప్పుడు బీమా, నష్టపరిహారం కూడా వేరే చేతికి చేరతాయి. కౌలు భూమిలో పెట్టుబడి పెట్టేవారు యజమానిని ఒప్పించి సాగుదారు కార్డు తెచ్చుకోవడం, వీలైతే కొన్నేళ్ల కౌలును రిజిస్టరు చేయించుకోవడం అన్ని అనుమతులకన్నా ముందు చేయాల్సిన పని. తోట, పందిరి, పాలీహౌస్ వంటి దీర్ఘకాలపు పెట్టుబడులకు నోటిమాట కౌలు ఏమాత్రం చాలదు.

నీరు, చెట్టు, షెడ్డు

బోరు వేయడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి కావాలి. ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదు. చెట్లు కొట్టడానికీ ఈ చట్టం కిందే అనుమతి అడగాలి. సాగుభూమిలో గోదాము, మిల్లు, శీతల గిడ్డంగి కడితే అది వ్యవసాయేతర వినియోగం. దీనికి 2006 నాటి ‘నాలా’ చట్టం కింద రుసుము కట్టి మార్పిడి చేయించుకోవాల్సి ఉండేది. తెలంగాణలో ఆ పద్ధతి సాగుతోంది. ఆంధ్రప్రదేశ్ 2025లో ఆ చట్టాన్ని రద్దు చేసి, రుసుమును కట్టడాల అనుమతితో ముడిపెట్టింది. ఆ తర్వాత పంచాయతీ అనుమతి, నీటి కాలుష్య చట్టం (1974), వాయు కాలుష్య చట్టం (1981) కింద కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ఉంటాయి. మండలి సమ్మతి రెండు విడతలు: కట్టకముందు ఒకటి, నడపకముందు ఇంకొకటి. తెలంగాణలో 2014 టీఎస్-ఐపాస్ చట్టం వీటిని ఒకే దరఖాస్తు కిందికి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ డెస్క్ ఉంది. కరెంటు కనెక్షన్ కూడా ముందే ఆలోచించుకోవాలి. వ్యవసాయ మోటారుకు ఇచ్చిన ఉచిత విద్యుత్తును ప్రాసెసింగ్ యంత్రాలకు వాడితే అది దుర్వినియోగమే.

కోళ్ల ఫారాల సంగతి మారుతూ వచ్చింది. ఒకప్పుడు లక్ష కోళ్లకు మించినవాటికే మండలి సమ్మతి అడిగేవారు. 2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం చేసుకున్నాక చిన్న ఫారాలూ ఆ పరిధిలోకి వచ్చాయి. ఈగలు, వాసన గురించి ఊరివాళ్లు పెట్టే ఫిర్యాదే ఫారం మూతపడటానికి మామూలు కారణం కాబట్టి, స్థలం ఎంపికలోనే ఊరికీ తాగునీటికీ దూరం పాటించాలి.

రొయ్యల, చేపల చెరువులు

తెలుగు నేల మీద అనుమతుల చరిత్ర అన్నిటికన్నా ఎక్కువగా రాసింది ఆక్వా రంగమే. 1990ల మొదట్లో నెల్లూరు నుంచి తూర్పు గోదావరి దాకా తీరమంతా చెరువులు తవ్వారు. ఉప్పునీరు పక్క చేలలోకి, తాగునీటి బావుల్లోకి ఊరింది. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇస్తూ, తీర నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల సాగును నిషేధించి, పర్యవేక్షణకు ఒక ప్రాధికార సంస్థ ఉండాలని చెప్పింది. పార్లమెంటు 2005లో తీర ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం చేసింది. చెన్నై కేంద్రంగా ఉన్న ఆ సంస్థ దగ్గర తీరప్రాంత చెరువులన్నీ నమోదు కావాలి. దరఖాస్తు జిల్లా కమిటీకి వెళ్తుంది, నమోదు ఐదేళ్లు చెల్లుతుంది. సముద్రపు పోటు రేఖకు 200 మీటర్ల లోపు కొత్త చెరువులకు అనుమతి లేదు. నమోదు లేని సాగుకు ఉన్న జైలు శిక్షను 2023 సవరణ తీసేసి జరిమానాలు పెట్టింది.

2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలను చెన్నైలోని క్వారంటైన్‌లో ఉంచి పరీక్షించాకే హేచరీలకు ఇస్తారు. నిషేధిత యాంటీబయాటిక్స్ వాడితే ఎగుమతి సరుకు ఓడరేవులోనే తిరస్కారానికి గురవుతుంది. ఆ నష్టం ఒక్క రైతుతో ఆగదు.

మంచినీటి చెరువులకు రాష్ట్ర నిబంధనలు వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం, చేపల మేత నాణ్యత చట్టం తెచ్చింది. వరి పొలాన్ని చెరువుగా మార్చే దరఖాస్తును మత్స్య, రెవెన్యూ, నీటిపారుదల, భూగర్భజల శాఖలవారు పరిశీలిస్తారు. పక్క రైతుల అభ్యంతరాలకు ఇక్కడ విలువ ఉంది, ఉండాలి కూడా. ఒక్క చెరువు కాలువలోకి వదిలిన నీరు కింది వరిచేలన్నిటికీ చేటు చేయగలదు. కొల్లేరు సరస్సులో +5 అడుగుల కాంటూరు లోపల 1999లో అభయారణ్యం ప్రకటించారు. 2006లో అక్కడి అక్రమ చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించింది. ఆ పరిధిలో కౌలుకు చెరువు తీసుకునేవారి పెట్టుబడికి చట్టం రక్షణ ఇవ్వదు.

విత్తనం, నారు, ఎరువు, మందు

తన పంట విత్తనాన్ని దాచుకోవడం, మళ్లీ విత్తడం, ఇచ్చిపుచ్చుకోవడం, అమ్మడం రైతు హక్కని 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. ఒకే షరతు: రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో సంచి కట్టి అమ్మకూడదు. ఇంత స్పష్టమైన హక్కు ఉన్న సంగతి రైతుల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు. విత్తనాన్ని వ్యాపారంగా అమ్మితే విత్తన చట్టం (1966), విత్తన నియంత్రణ ఉత్తర్వు (1983) కింద డీలరు లైసెన్సు కావాలి. పత్తి విత్తనానికి 2007 నాటి రాష్ట్ర చట్టం వేరుగా ఉంది. కడియం వంటి చోట్ల నర్సరీ పెట్టేవారు 2010 నాటి ఉద్యాన నర్సరీల చట్టం కింద నమోదు చేసుకోవాలి.

ఎరువుల దుకాణానికి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు (1985), పురుగుమందులకు క్రిమిసంహారకాల చట్టం (1968) వర్తిస్తాయి. పురుగుమందుల డీలరుకు తగిన చదువు ఉండాలన్న నిబంధన 2015లో గట్టిపడింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ డీలర్ల కోసం 2003లో మొదలుపెట్టిన ఏడాది డిప్లొమా ఈ అవసరంతో దేశమంతా పాకింది. పల్లెల్లో రైతు మొదట సలహా అడిగేది దుకాణదారునే కాబట్టి ఈ నిబంధన నిజంగా మేలు చేసేది.

ఏ రూపంలో నడపాలి

ఒంటరి రైతుకు ప్రత్యేక నమోదు అక్కరలేదు. పదిమంది కలిస్తే మంచి దారి ఉత్పత్తిదారుల కంపెనీ. 2002లో కంపెనీల చట్టంలో చేరిన ఈ రూపంలో కనీసం పదిమంది ఉత్పత్తిదారులు, ఐదుగురు డైరెక్టర్లు ఉండాలి. వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకే ఓటు. 2020 కేంద్ర పథకం కింద మైదానంలో 300 మంది, కొండ ప్రాంతాల్లో 100 మంది సభ్యులున్న సంఘాలకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు నిర్వహణ సాయం ఉంది. ఇంకో దారి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి చూపింది. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యం లేని సహకార సంఘాలకు వీలు కల్పించింది. ముల్కనూరు మహిళా డెయిరీ దాని కిందే నిలబడింది. కంపెనీ రూపంలో ఏటా ఆడిట్, రిటర్నుల ఖర్చు తప్పదు. ఉత్సాహంగా నమోదైన సంఘాల్లో చాలావాటికి పెద్ద భారం ఇదే.

ఆహార భద్రత, పొట్లం

పొలం స్థాయిలో రైతుకు, అతని పంటకు 2006 ఆహార భద్రత చట్టం వర్తించదని 18వ సెక్షనే చెబుతోంది. మామిడికాయ అమ్మితే రైతు, ఆవకాయ పెట్టి అమ్మితే ఆహార వ్యాపారి. 2011 నిబంధనలు ఏటా 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్నవారికి సాధారణ నమోదు, 20 కోట్ల వరకు రాష్ట్ర లైసెన్సు, ఆపైన కేంద్ర లైసెన్సు అని విభజించాయి. పాలకు రోజుకు 500 లీటర్ల వరకు నమోదు సరిపోతుంది. పొట్లం మీద పేరు, చిరునామా, తూకం, ధర, తేదీ ఉండాలని తూనికల చట్టం నిబంధనలు (2011) అడుగుతాయి. సేంద్రియం అని రాయాలంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం (ఎన్‌పీఓపీ) ధ్రువీకరణ లేదా రైతు బృందాల పరస్పర హామీ పద్ధతి (పీజీఎస్) ధ్రువీకరణ కావాలి. వార్షిక పంటలకు ఎన్‌పీఓపీ మార్పిడి కాలం రెండేళ్లు కాబట్టి ఈ పని మొదటి రోజే మొదలుపెట్టాలి.

పన్నులు

వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. ఏది వ్యవసాయ ఆదాయమో 1957లో సుప్రీంకోర్టు రాజా వినయ్ కుమార్ కేసులో తేల్చింది: నేల మీద దున్నడం, విత్తడం వంటి మూల పనులు జరగాలి. పాడి, కోళ్లు, చేపల మీద వచ్చేది దాని కిందికి రాదు. నర్సరీ నారు మీద వచ్చేది మాత్రం వస్తుంది. అరకు రైతు కాఫీ పండించి శుద్ధి చేసి అమ్మితే నాలుగో వంతు వ్యాపార ఆదాయం. వేయించి పొడి చేసి అమ్మితే ఆ వాటా 40 శాతం.

జీఎస్టీ విషయంలో సొంత సాగు పంట అమ్మే వ్యక్తికి, హిందూ అవిభక్త కుటుంబానికి నమోదు అక్కరలేదు. కంపెనీ ఈ నిర్వచనంలోకి రాదు. సరుకు అమ్మకాలకు నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు లేబులు ఉన్న బియ్యం, పప్పుల పొట్లాల మీద 5 శాతం పన్ను పడింది. కిరాణా కొట్లలో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడం ఆ తర్వాతే.

మార్కెట్, ఎగుమతి

1966 మార్కెట్ల చట్టం కింద యార్డులో కొనే వ్యాపారికి, కమీషన్ ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. సొంత పంట తెచ్చే రైతుకు అక్కరలేదు. సాటి రైతుల పంట కొని అమ్మడం మొదలైతే అదీ వ్యాపారమే. 1999 జనవరిలో మొదలైన రైతు బజార్లలో అమ్మకానికి రైతు గుర్తింపు కార్డు చాలు.

విదేశాలకు పంపాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) ఇచ్చే దిగుమతి-ఎగుమతి కోడ్ తీసుకుని, సరుకును బట్టి అపెడా (వ్యవసాయ ఉత్పత్తులు), ఎంపెడా (సముద్ర ఉత్పత్తులు) లేదా స్పైసెస్ బోర్డులో నమోదు కావాలి. గుంటూరు సన్నం మిరప, బనగానపల్లె మామిడి, అరకు అరబికా కాఫీ వంటి భౌగోళిక గుర్తింపు పొందిన పేర్లను పొట్లం మీద వేయాలంటే ఆ ప్రాంతంలో పండించడంతో సరిపోదు. చెన్నైలోని భౌగోళిక సూచికల రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా పేరు ఎక్కించుకోవాలి. ఈ నమోదు రైతు వ్యక్తిగతంగా చేసుకోవచ్చు, దరఖాస్తుకు ఉత్పత్తిదారుల సంఘం తోడ్పడవచ్చు.